స్వేచ్ఛావృత్తి
కొలువు దాస్యమనియు, ఫ్రీలాన్సు వృత్తియే స్వాతంత్ర్యమనియు మన యువజనులు మురియుచున్నారు. హాజరుపట్టీ లేదు, అధికారి గద్దింపు లేదు, నిజమే. కాని 1819లో వెలువడిన స్కాటు నవల ‘ఐవాన్‌హో’లో ఆ పేరు కూలికి పోరాడు బల్లెగాండ్రది. బల్లెము తనదే, కూలి మాత్రము దొర చేతిలోనిది. మాయొద్ద చదివిన యొక యువతి పుస్తకములకు బొమ్మలు వేసి, వ్రాతపత్రము లేనందున ఆరు మాసములుగా సొమ్ముకై తిరుగుచున్నది. ఇదియా స్వాతంత్ర్యము? ఉద్యమ్ నమోదు గల సూక్ష్మసంస్థకు 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము శాసించుచున్నది. దాని నెరిగినవా రెందరు?

తల్లిదండ్రులారా! బిడ్డల నీ వృత్తినుండి మరలింపుడని మేము చెప్పము. ఒడంబడిక వ్రాయించుకొనుటయు, బయానా యడుగుటయు సిగ్గుమాలిన పనులు కావని ముందుగా నేర్పుడు.