వంకలో కరెంటు పెట్టేవాళ్లకు ఒక మాట

అన్నలారా, తమ్ముళ్లారా, కోపమొచ్చినా సరే, చివరిదాకా చదవండి.

నాలుగు వానలు పడి వంక పారితే చాలు, మన తనకల్లు పక్క పల్లెల్లో ముందు బయటికొచ్చేది గాలం కాదు, వైరు. ఒకడు మడుగులో కరెంటు పెడతాడు, ఇంకొకడు బ్లీచింగ్ పౌడరు గుమ్మరిస్తాడు. ఏమప్పా ఇది అంటే, "వంక ఎట్లా ఎండిపోయేదే కదన్నా, మేం పట్టకపోతే కొంగలు తింటాయి" అంటారు.

ఈ మాటలో సగం నిజముంది. ఎండాకాలం మోకాటి లోతు బురదలో కొట్టుకుంటాండే చాపను చేత్తో పట్టుకోండి, బుట్ట బోర్లించి పట్టుకోండి, నేనేమీ అనను. నా గొడవంతా వానకాలం గురించే. వంక ఏటా ఎండినా మళ్లీ చాపలు యాడ నుంచి వస్తాండాయి? పాపాగ్నిలో, చెరువుల్లో, లోతు మడుగుల్లో మిగిలినవే నీళ్లు పారినప్పుడు ఎదురెక్కి వస్తాయి, గుడ్లు పెట్టేదానికి. సరిగ్గా అప్పుడే మనం వైరు దించుతాండాం.

కొర్రమీనును చూసినారు కదా. దాని పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీళ్లపైన తిరుగుతాంటే, తల్లీతండ్రీ కిందనే కాపలా ఉంటాయి. కరెంటు పెడితే అన్నీ ఒక్కసారే పోతాయి. మీ బకెట్లోకి వచ్చేది పెద్దవే, చిన్నవి అడుక్కుపోయి కుళ్లుతాయి. ఆ నీళ్లే మర్నాడు మన గొర్రెలు తాగేది. గాలమైతే ఎర మింగిన ఒక్క చాపే వస్తాది. విసురు వల కన్ను పెద్దదైతే పిల్లలు జారిపోతాయి. దోమతెర లాగితే గుడ్డుతో సహా ఊడ్చుకొస్తాది. (గాలం వేసేవాళ్లకూ ఒక మాట: ఎర్ర పిల్లల గుంపు కనపడితే అక్కడ వేయొద్దండి. కాపలా చాప కోపంతోనే ఎరను కరుస్తాది, అది గెలుపు కాదు.)

దొరలు ఊటీ కొండల్లోని చిన్న వాగుల్లోకి ట్రౌటు అనే చాపను తెచ్చి వదిలినారు. ఈకలు కట్టిన గాలంతో ఒక్కొక్కటే పట్టేవాళ్లు. వాళ్లకది ఆట, మనకు కూర. అయినా చిన్న వాగులో ఎక్కువ చాప ఉండదని వాళ్లకు తెలిసింది, మనకు తెలీదా?

బాంబులతో, విషంతో చాపలు పట్టడం 1897 నాటి చట్టంలోనే నేరం. లైనుకు కొక్కీ తగిలిస్తే 2003 విద్యుత్ చట్టం కింద దొంగతనం, మూడేళ్ల దాకా జైలు. చట్టం అట్లుంచండి. వైరు నీళ్లల్లో ఉన్నప్పుడు కింద మలుపులో ఎవురి పిల్లోడు కాళ్లు కడుక్కుంటాండాడో మీకు కనపడతాదా?

దాచేదేముంది, పోయినేడు అడిగితే నేనూ వైరు ఇచ్చినా. ఆ రాత్రి కూరా తిన్నా. ఈసారి వంక పారితే మా చేని స్టార్టరు డబ్బాకు తాళం వేస్తాండా. వైరు కోసం రాకండి. గాలాలు రెండుండాయి, కావాలంటే ఇస్తా.