సంతకం పెట్టనంటే ఏమౌతుంది?

మన వాడల్లో 'రాజీ' అన్న మాట తెలియని ఇల్లు లేదు. అట్రాసిటీ కేసు పెట్టిన మూడో రోజుకే పెద్దమనుషులు కబురు పెడతారు. కాగితం ముందే రాసి ఉంటుంది, మన వేలిముద్ర ఒక్కటే తక్కువ. వెయ్యం అన్నామా, ఆ మాట సాయంత్రానికల్లా ఎస్సైకి తెలుస్తుంది, కూలికి పిలిచే ఆసామికి తెలుస్తుంది, అప్పిచ్చినవాడికీ తెలుస్తుంది. తర్వాత జరిగేది మీకు మేం చెప్పాలా? ఆ చట్టం కింద నేరాలు రాజీకి వీలైనవి కావు. పైకోర్టులు కొన్ని కేసుల్ని రాజీ చూసి కొట్టేసిన మాట నిజమే గానీ, రచ్చబండకు ఆ అధికారం ఎవరిచ్చారు?

'ఇష్టపడే ఒప్పుకున్నారు' అని ఎప్పుడు అనాలి? ఈ ప్రశ్నకు అమెరికా ఫెడరల్ కోర్టుల్లో, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వ కోర్టుల్లో, ఒక జవాబుంది. ఆ కోర్టులతో మనకేం పని అనకండి. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి పేద ఆడపిల్లల్ని అమెరికా తరలించి చెరిచిన భూస్వామికి 2001లో 97 నెలల శిక్ష వేసింది అలాంటి కోర్టే. ఇవాళ మన పిల్లలూ చదువులకీ ఉద్యోగాలకీ అక్కడికి పోతున్నారు.

అక్కడ జిల్లా జడ్జిని దేశాధ్యక్షుడు వేస్తాడు, సెనేటు ఒప్పుకోవాలి, పదవి జీవితాంతం. ఆయన కింద మేజిస్ట్రేట్ జడ్జి ఉంటాడు. ఈయన్ని ఆ జిల్లా జడ్జీలే 8 ఏళ్లకు ఎంచుకుంటారు. పూర్వం ఈ పని కమిషనర్లు చేసేవాళ్లు, పనికింత అని ఫీజు పుచ్చుకునేవాళ్లు. 1968 చట్టంతో అది పోయింది. అరెస్టు వారంటు, సోదా వారంటు ఈయనే ఇస్తాడు. పట్టుకొచ్చిన మనిషిని ముందుగా నిలబెట్టేదీ సాధారణంగా ఈయన ఎదుటే. నీ మీద నేరం ఇదీ, వకీలును పెట్టుకునే హక్కుంది, నోరు విప్పకుండా ఉండే హక్కుంది అని ఈయన చెప్పి తీరాలి. బెయిలా జైలా తేల్చేదీ ఈయనే. మన మేజిస్ట్రేటు రిమాండు వేసినట్టే అనుకోండి. పెద్ద నేరాల విచారణ మాత్రం ఈయన చేతిలో లేదు.

అసలు సంగతి సివిల్ దావాలది. 1979 నుంచి దావా మొత్తం విచారించి తీర్పు చెప్పే అధికారం ఈయనకు ఇచ్చారు, అయితే రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోయినా మీకే నష్టం రాదు అని కోర్టు ముందే చెప్పాలి. ఇంకొకటి వినండి. అందరూ ఒప్పుకుంటే తప్ప, ఎవరు ఏమన్నారో ఏ జడ్జికీ తెలియనివ్వకూడదు. కాదన్నవాడి పేరు జడ్జి చెవిన పడదు. ఎందుకంటే, రేపు కేసు వినేది ఆ జడ్జీలే కదా! బలవంతుడి ముందు కాదనడం ఎంత కష్టమో ఆ నిబంధన రాసినవాళ్లకు తెలుసన్నమాట.

దీన్నిబట్టి ఆ దేశంలో అంతా బాగుందని మేం అనడం లేదు. నల్లవాళ్లతో జైళ్లు నింపిన దేశమది. ఖైదీ పెట్టుకున్న పిటిషన్ మీద మేజిస్ట్రేట్ జడ్జి సిఫారసు రాస్తే, అభ్యంతరం చెప్పడానికి గడువు 14 రోజులే. అది దాటితే చాలాచోట్ల అప్పీలు దారి కూడా మూసుకుపోతుంది. వకీలు లేనివాడికి 14 రోజులు ఏ మూలకి?

అయినా ఆ ఒక్క నిబంధన మనం అడిగి తీరాలి. మన లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు లేదు. కౌలు బాకీ అయినా, పొలం గట్టు తగాదా అయినా సంతకం చేశామంటే అయిపోయినట్టే. రాజీ కుదరకపోతే కేసు కోర్టుకే తిరిగిపోవాలని చట్టంలో ఉంది. ఆ ముక్క మనవాళ్లకు ఎవరు చదివి వినిపిస్తున్నారు? వరండాలో నలుగురి ఎదుట "ఏరా, ఒప్పుకుంటావా లేదా?" అని అడిగితే అది ఇష్టం ఎలా అవుతుంది?

కార్యకర్తలు ఈ పక్షంలో మండల న్యాయ సేవల కమిటీకి అర్జీలు పెట్టండి. రాజీ కాగితం తెలుగులో చదివి వినిపించాలి. ఎదుటి పక్షం లేని చోట, మనవాళ్లలో ఒకరిని పక్కన పెట్టుకుని అడగాలి. ఎవరు కాదన్నారో ఫైలులో రాయకూడదు. ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవడం మరవొద్దు.