సింహం మీద బాబాసాహెబ్

ఏప్రిల్ 14 దగ్గరపడితే మన విశాఖలో ఫ్లెక్సీ షాపులకు నిద్రుండదు. నా క్లాసు పిల్లలే ఫోటోషాప్‌లో బాబాసాహెబ్ తల కత్తిరించి సింహం మీద కూర్చోబెడతారు, వెనక కాంతివలయం తగిలిస్తారు. ప్రేమే, కాదనను. కానీ ఒకసారి దేవుణ్ని చేశాక ఎవడైనా ఏ బట్టయినా తొడగొచ్చు కదా!

2022 డిసెంబర్ 6న, సరిగ్గా ఆయన వర్ధంతి రోజే, కుంభకోణంలో హిందూ మక్కల్ కట్చి వాళ్లు ఆయనకు కాషాయం తొడిగి, నుదుట విభూది పూసి పోస్టర్లేశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో హిందూమతం వదిలిన మనిషికి! ఇంతకన్నా దొంగతనం ఏముంటుంది?

ఒంటినిండా గుడ్డ కట్టుకోనివ్వని కులానికి ఆయన ఇచ్చిన జవాబు ఆ కోటు. దాని మీద చెయ్యి వేయకండి. ఈసారి ఫైలు పంపేముందు సింహాన్ని తీసేసి, ఆ ఖాళీలో ఆయన 22 ప్రతిజ్ఞలు అచ్చేయించండి. బ్రహ్మ విష్ణు మహేశ్వరుల్ని కొలవనన్న మొదటిది పెద్దక్షరాల్లో.