విద్యార్థి రికార్డులకు ధర్మకర్త యెవరు?

మార్కులపట్టీలో తప్పు పడినదని విశ్వవిద్యాలయమునకు పోయిన తండ్రికి అచట జరుగు మర్యాద మన పాఠకులలో పెక్కురకు తెలిసినదే. పరీక్షాశాఖవారు తప్పు కంప్యూటరుదందురు. కంప్యూటరు కేంద్రమువారు కళాశాల పంపిన వివరమునే యెక్కించితిమందురు. కళాశాలవారు గుత్త పుచ్చుకొన్న కంపెనీని చూపుదురు. ఆ కంపెనీకి ఆ యూర నొక గుమాస్తా యైనను ఉండడు.

ఇది నవ్వి విడువదగినది కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములు వెలువడినపుడు ఒక బాలికకు తెలుగున సున్న వచ్చినట్లు ప్రకటించిరి. మరల చూడగా అవి 99 మార్కులు. ఫలితములు కూర్చు పని యొక ప్రైవేటు సంస్థ చేతిలో నుండెను. ప్రభుత్వము నియమించిన త్రిసభ్యసంఘము లోపములు కలవని తేల్చెను. తప్పినట్లు ప్రకటింపబడినవారిలో 1,000 మందికి పైగా పునఃపరిశీలనలో ఉత్తీర్ణులైరి. ఈలోపల కొన్ని యిండ్లలో తీరని శోకము మిగిలెను. అది బోర్డే గాని విశ్వవిద్యాలయము కాదనువారు, తమ పరీక్షల పని యెవరి చేతిలో నున్నదో ముందు చూచుకొందురుగాక.

న్యాయము స్పష్టముగనే యున్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఒకరి వివరములను ఏ ప్రయోజనమునకు ఏ రీతిని వాడవలెనో నిర్ణయించువారిని ధర్మకర్తల స్థానమున నిలిపినది. పనిని మరియొకరికి అప్పగించినను, ఒడంబడికలో నేమి వ్రాసికొన్నను, బాధ్యత ధర్మకర్తదేయని 8వ సెక్షను చెప్పుచున్నది. తగిన రక్షణ చేయనిచో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. నిబంధనలు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన విధులకు 18 మాసముల గడువిచ్చిరి.

అయితే విశ్వవిద్యాలయమను ధర్మకర్తకు చేతులు లేవు, కన్నులు లేవు. దాని తరఫున ఎవరు చూడవలెను? కేంద్ర విశ్వవిద్యాలయముల 2009 నాటి చట్టమునకు చేర్చిన నియమావళి రికార్డులకును, ముద్రకును రిజిస్ట్రారును సంరక్షకునిగా చేసినది. బీరువాల కాలమున ఇది చాలియుండెను. తాళపుచెవి ఆయన యొద్దనే యుండెడిది. నేడు రికార్డు యంత్రములో నున్నది, యంత్రపు తాళము మరియొకరి యొద్ద నున్నది. యంత్రమును కాచువాడు వేరు, అందలి మాట నిజమని పూచీపడువాడు వేరు. కంప్యూటరు కేంద్రము కావలివాడు మాత్రమే. మార్కు నిజమనుటకు పరీక్షల అధికారియు, కులము, ఆదాయము, బ్యాంకు ఖాతా అడిగి తీసికొన్నందుకు ప్రవేశశాఖాధికారియు బదులు చెప్పవలెను. ఈ విభజన లేనిచోట పట్టాపై ఏమి అచ్చువేయరాదో ఢిల్లీ చెప్పవలసి వచ్చును. పట్టాలపై పూర్తి ఆధారుసంఖ్యను ముద్రింపరాదని విశ్వవిద్యాలయముల గ్రాంటుల సంఘము 2023 సెప్టెంబరులో వ్రాయవలసివచ్చెను గదా!

ఈ చట్టమును సాకుచేసికొని విద్యార్థికే వాని కాగితము చూపమనువారును బయలుదేరవచ్చును. తన సమాధానపత్రమును చూచుకొను హక్కు పరీక్షార్థికి కలదని సుప్రీంకోర్టు 2011లోనే తీర్పు చెప్పినది. గోప్యత పరుల కన్నుల నుండి విద్యార్థిని కాపాడుటకే గాని, విద్యార్థి కన్నుల నుండి కార్యాలయమును కాపాడుటకు గాదు.

కావున ఆంధ్ర, తెలంగాణ విశ్వవిద్యాలయముల పాలకమండలులను మేము కోరునది స్వల్పము. ఒక్కొక్క విధమైన రికార్డునకు ఒక్కొక్క యధికారిని పేరుపెట్టి నియమింపుడు. ఆ పేరును గోడమీద అంటింపుడు. దిద్దుబాటు ఎవరు, ఎపుడు, ఎవరి యుత్తరువుపై చేసిరో చెరుపరాని విధమున నమోదు చేయింపుడు. కంపెనీలతో ఒడంబడికలను పాలకమండలి యెదుట చదివింపుడు. సమ్మతి కోరునపుడు ఇచ్చు ప్రకటనను రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని భాషలలో చదువుకొను అవకాశము చట్టమే కల్పించినది. ఆ భాషలలో తెలుగొకటి. రాబోవు ప్రవేశముల ఋతువున దరఖాస్తుతోబాటు తెలుగు ప్రకటనయు, దానియడుగున బాధ్యుడైన యధికారి పేరును ఉండవలెను.