స్పార్క్ ప్లగ్‌కు చేతి అంచనా చాలదు

ఈమధ్య విజయవాడ ఆటోనగర్‌లో ఒక సీఎన్‌జీ ట్రక్కుకు స్పార్క్ ప్లగ్‌లు మార్చడం చూశాను. మేస్త్రీ పానా పిడికి ఇనుప గొట్టం తగిలించి మరీ బిగిస్తున్నారు. టార్క్ రెంచ్ వాడరా అని అడిగితే నవ్వారు. "ఎంత బిగించాలో నా చెయ్యే చెబుతుందండీ. పాతికేళ్లుగా డీజిల్ బళ్లు చేస్తున్నా" అన్నారు.

ఆయన అనుభవం గొప్పదే. కానీ డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ అంత తేలిగ్గా అంటుకోదు, దానికి నిప్పురవ్వ కావాలి. అంటే ఇంధనంతో పాటు, డీజిల్ మేస్త్రీకి అలవాటు లేని ఒక కొత్త భాగం కూడా ట్రక్కులోకి వచ్చింది.

ప్లగ్ చిన్నదే అయినా దాని పని రవ్వ పుట్టించడంతో అయిపోదు. దాని కొనకు తగిలే వేడిలో ఎక్కువ భాగం మరల గుండా, అది ఆనుకునే అంచు గుండా సిలిండర్ హెడ్‌లోకి పోవాలి. వదులుగా ఉంటే ఆ దారి తెగిపోతుంది. కొన ఎర్రగా కాలి, రవ్వ రాకముందే ఇంధనాన్ని అంటిస్తుంది. ఆ అకాల మంటకు పిస్టన్, వాల్వులు, హెడ్ దెబ్బతింటాయి. పైగా వదులు ప్లగ్ అదురుతూ మరలను అరగదీస్తుంది.

మరీ బిగించినా ముప్పే. చిన్న ట్రక్కుల్లో హెడ్ సాధారణంగా అల్యూమినియం, ప్లగ్ ఒళ్లు ఉక్కు. పోటీలో ఓడేది మెత్తని అల్యూమినియమే. మరలు ఊడిపోతాయి, లేదా ప్లగ్‌లోని పింగాణీ చిట్లుతుంది. అమెరికాలో 1990ల చివర్లో వచ్చిన ఫోర్డ్ ట్రైటన్ ఇంజన్లు కొన్నింటిలో ప్లగ్‌ను పట్టి ఉంచే మరలు నాలుగైదే ఉండేవి. ప్లగ్‌లు మరలను చీల్చుకుని బయటికి ఎగిరిపడిన ఉదంతాలు అక్కడి పికప్ ట్రక్కుల యజమానులకు బాగా తెలుసు.

ఇక చేతి మాటకొద్దాం. 14 మిల్లీమీటర్ల వాషర్ రకం ప్లగ్‌ను అల్యూమినియం హెడ్‌లో బిగించడానికి సాధారణంగా చెప్పే లెక్క 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పిడి చివర సుమారు 10 కిలోల బరువు వేలాడదీసినంత. అదే బలాన్ని ముప్పావు మీటరు గొట్టం చివర పెడితే మరలపై భారం మూడింతలవుతుంది. చేతికి మాత్రం తేడా తెలియదు. ఎందుకంటే చెయ్యి కొలిచేది బలాన్ని, మరలకు తగిలేది బలం, పిడి పొడవు కలిసిన టార్క్‌ను. భౌతికశాస్త్రం చదివిన నా చెయ్యి కూడా ఇక్కడ పొరబడుతుంది.

మరలకు నూనె రాసినా ఈ లెక్క తప్పుతుంది. రాపిడి తగ్గి, అదే టార్క్‌కు మరలు ఎక్కువ సాగుతాయి. ఇంజన్ వేడిగా ఉండగా చల్లని ప్లగ్ బిగిస్తే, చల్లారాక అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ కుంచించుకుని ప్లగ్‌ను బిగబట్టేస్తుంది. అందుకే ఇంజన్ చల్లారనివ్వాలి. గుంతలోని దుమ్మును గాలితో ఊదాలి. మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పాలి. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, ఆ ఇంజన్ మాన్యువల్ చెప్పిన అంకెకే చేయాలి.

ప్లగ్ కొనల మధ్య ఖాళీ కూడా ముఖ్యమే. ఆ ఖాళీ, సిలిండర్‌లోని ఒత్తిడి పెరిగే కొద్దీ రవ్వకు ఎక్కువ వోల్టేజి కావాలి. సీఎన్‌జీ ఇంజన్లలో ఒత్తిడి ఎక్కువ. కొనలు అరిగి ఖాళీ పెరిగితే రవ్వ తప్పుతుంది. ఇంజన్ తడబడే దాకా ఆగకుండా, చెప్పిన గడువుకే ప్లగ్ మార్చాలి.

ఇందులో తప్పంతా మేస్త్రీలదే అనడం అన్యాయం. ఆ అంకె ఇంగ్లిష్ మాన్యువల్‌లో, కంపెనీ సర్వీస్ సెంటర్ బీరువాలో ఉంటే ఆటోనగర్ షెడ్డుకు ఎలా చేరుతుంది? గ్యాస్ ట్రక్కు అమ్మే ప్రతి కంపెనీ ప్లగ్ రకం, ఖాళీ, టార్క్, మార్చే గడువు ఈ నాలుగూ తెలుగులో రాసిన కార్డు బండితో పాటే ఇవ్వాలి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ నేర్చుకునే పిల్లల చేతికి టార్క్ రెంచ్ ఇచ్చి, ప్లగ్ బిగించడం నేర్పాలి.

టార్క్ రెంచ్‌కు డబ్బు, టైము ఎక్కడివి అంటారు షెడ్డు వాళ్లు. నిజమే. కానీ ఒక్క హెడ్ దించితే బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. అందుకే బండి యజమాని మేస్త్రీకి కూలి ఇచ్చేటప్పుడు, ఆ పది నిమిషాల జాగ్రత్తకు కూడా లెక్కగట్టి ఇవ్వాలి. పాతికేళ్ల చేతికి సరైన అంకె తోడైతే ఆ హెడ్ దించే అవసరమే రాకపోవచ్చు.