నీళ్ళు తాగమని చెప్పేముందు

పల్నాడులో మూత్రంలో మంటని 'వేడి చేసింది' అంటారు. రెంటచింతల ఎండల్లో, మిరపకోతల్లో వేడి చేయక ఏం చేస్తుందని అందరూ సరిపెట్టుకుంటారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు అయ్యాక ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, రెండు రోజుల బిళ్ళలు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతుంది. ఆడపుట్టుక పుట్టాక ఇవి మామూలే అనే మాట ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

ఇందులో మామూలు ఏమీ లేదు. ఎక్కువ భాగం ఇ.కోలై అనే సూక్ష్మజీవి చేసే పని ఇది. సుమారు సగంమంది స్త్రీలకు జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం ఉండి, తెల్లబట్ట, దురద లేకపోతే పదింట తొమ్మిదిసార్లు ఇదే. గర్భం, జ్వరం, వీపు పక్కల నొప్పి లేనప్పుడు స్కానింగు అక్కర్లేదు. నైట్రోఫ్యూరంటోయిన్ అనే 1950ల నాటి మందు రోజుకు రెండుపూటలా ఐదు రోజులు చాలు. (మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకు ఇది పనికిరాదు. గర్భిణులకూ, చలిజ్వరం ఉన్నవాళ్ళకూ ఆసుపత్రే దారి.)

మరి ఈ పాతమందు ఆమె చేతికి ఎందుకు రాదు? అడిగినచోటల్లా నాకు కనిపించింది సిప్రోఫ్లాక్సాసిన్, లేదా సెఫిక్సిమ్. జ్వరానికీ విరేచనాలకీ దశాబ్దాలుగా పంచిపెట్టిన ఫలితంగా సిప్రోఫ్లాక్సాసిన్‌కు మన దేశపు ఇ.కోలై చాలామటుకు లొంగడం లేదని భారత వైద్య పరిశోధనా మండలి నిఘా నివేదికలే చెబుతున్నాయి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆచితూచి వాడాల్సిన మందుల్లో చేర్చింది. నైట్రోఫ్యూరంటోయిన్‌ని అందరికీ ముందుగా అందాల్సిన మందుల్లో పెట్టింది. సెఫిక్సిమ్ అమ్మితే రిజిస్టర్‌లో రాయాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టర్ చూపించమని మనలో ఎంతమంది అడిగాం?

అయినా పోస్టర్ల మీద నిందితురాలు ఆమే. 'కోర్సు పూర్తిచేయండి' అంటారు. అసలు ఆమెకు కోర్సు ఇచ్చిందెవరు? నరసరావుపేట వెళ్ళి డాక్టర్ని చూడాలంటే ఒకరోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం. ఆరోగ్య శాఖకు స్త్రీ అంటే గర్భసంచి. 1996లో ఆపరేషన్ల టార్గెట్లు ఎత్తేశారు గానీ చూపు మారలేదు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది. మూత్రాశయం ఎవరి లెక్కలోకీ రాదు.

ఇక మన సంగతి. సంస్థలు పెట్టే అవగాహన సదస్సుల్లో 'నీళ్ళు బాగా తాగండి, ఆపుకోకండి' అని చెబుతుంటాం. సలహా మంచిదే, వెళ్ళేదెక్కడికి? తెల్లవారుజామున ఆటో ఎక్కి పొద్దుగూకాక దిగే ముఠా కూలికి, చుట్టూ మగవాళ్ళుండే చేలో చాటు ఏది? ఆమె నీళ్ళు మానుకోవడం అజ్ఞానం కాదు, పరువు కోసం లెక్కవేసుకుని చేసుకున్న ఏర్పాటు. ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 1948లోనే చట్టం చెప్పింది. మిరపచేను ఆ చట్టానికి బయటే ఉండిపోయింది.

ఇంగ్లండులో 2024 జనవరి 31 నుంచి 16-64 ఏళ్ళ స్త్రీలకు ఈ జబ్బుకి డాక్టరు చీటీ లేకుండానే, నాలుగు ప్రశ్నలడిగి, ఫార్మసిస్టు నైట్రోఫ్యూరంటోయిన్ ఇస్తున్నాడు. మన ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం ఆ ప్రశ్నలు అడగలేదా? యాంటీబయాటిక్స్ ఊళ్ళోకి తెస్తే సూక్ష్మజీవులు ఇంకా మొండికేస్తాయని పెద్ద డాక్టర్లు అభ్యంతరం చెబుతారు. అవి ఊళ్ళోకి ఎప్పుడో వచ్చాయి, తప్పు మందు, తప్పు మోతాదు రూపంలో. ఆ సంగతి తెలిసీ సరైన మందునే గుమ్మం బయట నిలబెట్టడం ఏ శాస్త్రం?

మాచర్ల, గురజాల వైపు పనిచేసే స్నేహితులు ఈ కోతలు మొదలయ్యేలోపు తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి నైట్రోఫ్యూరంటోయిన్ స్టాకు ఎంత ఉందో రాతపూర్వకంగా అడగండి. చేలో పరదా కట్టిన మరుగుదొడ్డి, తాగునీళ్ళ క్యాను ఎవరి ఖర్చుతో పెడతారో ముఠా మేస్త్రీని, రైతుని కూలిరేటు మాట్లాడుకునే రోజునే అడగండి.