కెమెరా బ్యాగులో చోటు మిగలకూడదు

ఇంటిల్లిపాదీ ప్రయాణమైతే ఇల్లాలి చేతిసంచిలో ఏముంటాయో ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆయన కళ్ళజోడు, అత్తయ్యగారి బీపీ మాత్రలు, పిల్లాడు సగం తిని మడిచి ఇచ్చిన బిస్కెట్ పాకెట్టు, ఒక తువ్వాలు, నాలుగు పిన్నీసులు, ఎవరిదో చార్జరు. సంచి మనదే, అందులో మనవంటూ ఉండేవి ఇంటి తాళాలూ బొట్టుబిళ్ళల అట్టా మాత్రమే. అలాంటి మనం ఫోటోల మీద ఇష్టం పెంచుకుని, కెమెరాకి ఒక బ్యాగు కొనుక్కోవాలనుకుంటే ఏది కొనాలి? దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. షాపులో అబ్బాయి చెప్పేదానికి ఇది సరిగ్గా ఎదురు.

కెమెరా బ్యాగులో ఖాళీ చోటు ఉండకూడదు.

"ఎలాగూ కొంటున్నారు, కొంచెం పెద్దదే తీసుకోండి మేడం, రేపు ఇంకో లెన్సు కొంటే పనికొస్తుంది" అంటారు. మా వారిదీ అదే మాట. ఎదిగే పిల్లలకి యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించినట్టు, బ్యాగు కూడా పెద్దదే కొనాలని మనవాళ్ళ లెక్క. కానీ పిల్లలు ఎదుగుతారు, నా కెమెరా ఎదగదు. ఆ ఖాళీ చోటు మాత్రం ఊరికే ఉండదు. మన ఇళ్ళల్లో ఖాళీగా ఉన్న అలమర అరని ఎప్పుడైనా చూశారా? బ్యాగూ అంతే.

నా దగ్గరున్నది కెనాన్ 1500డి. దాని బరువు అర కిలోకి కొంచెం తక్కువ. దాంతో వచ్చిన చిన్న లెన్సు రెండు వందల గ్రాములుంటుంది. తర్వాత కొనుక్కున్న 55-250 జూమ్ లెన్సు నాలుగు వందల గ్రాములకి కాస్త తక్కువ. అన్నీ కలిపితే కిలో మీద ఒక గుప్పెడు పెసరపప్పంత బరువు. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ ప్రేమగా ఒక బ్యాక్‌ప్యాక్ తెచ్చాడు. మంచి కంపెనీదే, కుట్టు చూస్తే ముచ్చటేస్తుంది. ఖాళీదే కిలోన్నర పైన ఉంది! మోసే వస్తువు కన్నా సంచి బరువెక్కువ. అది పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసేవాళ్ళకి, రెండు కెమెరాలూ నాలుగు లెన్సులూ ఫ్లాషులూ మోసేవాళ్ళకి చేసింది. దాని తప్పేమీ లేదు.

దాన్ని పట్టుకుని మొదటిసారి అరకు వెళ్ళాం. బయలుదేరే ముందే అందులో రెండు నీళ్ళ సీసాలు, పులిహోర డబ్బా, అమ్మాయి స్వెట్టరు చేరాయి. "నీ బ్యాగులో చోటుంది కదా" అన్నారు, నిజమే, చోటుంది. విశాఖపట్నం నుంచి అరకు రైల్లో వెళ్ళినవాళ్ళకి తెలుసు, కొండ ఎక్కుతుంటే సొరంగం వెనక సొరంగం వస్తుంది. రెండు సొరంగాల మధ్య లోయ కనబడేది కాసేపే. ఆ కాసేపట్లో బ్యాగు పై బెర్తు మీంచి దించి, వెనక జిప్పు తీసి, పులిహోర డబ్బా పక్కకి జరిపి కెమెరా తీసేసరికి మళ్ళీ చీకటి. నాలుగు సొరంగాల తర్వాత కెమెరా మెడలో వేసుకుని కూర్చున్నాను, బ్యాగు పనే లేకుండా. అదే మంచిదైంది. దిగే ముందు చూస్తే ఒక సీసా మూత వదులై బ్యాగు అడుగంతా తడి!

అందుకే నేననేది, బ్యాగు కొనేముందు మీ దగ్గర ఎన్ని లెన్సులున్నాయో కాదు, మీరు మామూలుగా ఫోటోలు తీసే రోజు ఎలా ఉంటుందో చూసుకోండి. కెమెరాతో మీరు ఎక్కువగా వెళ్ళేది ఎక్కడికి? నిలబడి తీస్తారా, నడుస్తూ తీస్తారా? చేతిలో పిల్లాడుంటాడా? చీర కడతారా, డ్రెస్సు వేస్తారా? ఈ చివరి ప్రశ్న బ్యాగుల గురించి రాసే మగవాళ్ళెవరికీ తట్టదు. బ్యాక్‌ప్యాక్‌కి ఛాతీ మీద ఒక పట్టీ, నడుముకో బెల్టు ఉంటాయి. బరువంతా భుజాల మీద పడకుండా అవే కాస్తాయి. చీర మీద అవి ఎలా పెట్టుకోవాలి? పెట్టుకున్నా పమిట ఎక్కడికి పోతుంది? ఇక వెల్క్రో. లోపల అరలు విడదీయడానికి అది ఉండాల్సిందే, కానీ మూత కూడా వెల్క్రోదైతే కొనకండి. పట్టుచీర జరీ దానికి తగిలిందంటే పోగులు లేచొస్తాయి. పైగా ముహూర్తం వేళ, పంతులుగారు మంత్రం చదువుతూ ఒక్క క్షణం ఆగినప్పుడు, దాన్ని తీస్తే వచ్చే చప్పుడుకి పెళ్ళికొడుకుతో సహా అందరూ మనవైపు చూస్తారు. బకిల్ గానీ జిప్పు గానీ ఉన్నది చూసుకోవాలి.

అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో జిమ్ డోంకే అనే ఫోటోగ్రాఫర్ ఉండేవారు. పెట్టెల్లాంటి గట్టి బ్యాగులు పనికి అడ్డమనిపించి, 1970లలో ఆయన తనకి కావలసినట్టు కాన్వాసు సంచి ఒకటి తయారుచేసుకున్నారు. మెత్త తక్కువ, భుజానికి తగిలించుకుంటే ఒంటికి అతుక్కుని ఉంటుంది, పైనుంచి చెయ్యి పెడితే కెమెరా చేతికొస్తుంది. తోటి పత్రికలవాళ్ళు మాకూ కావాలన్నారు, చివరికి అదొక వ్యాపారమైంది. డోంకే పేరుతో ఆ సంచులు తర్వాత కూడా అమ్ముడుపోయాయి. ఆయన మొదలుపెట్టింది తన పని నుంచి, తన భుజం నుంచి. అలాంటి ఆలోచన ఇల్లాలికీ చెల్లుతుంది. మన పనీ ఒక పనే.

నా పనికి సరిపడ్డది భుజానికి అడ్డంగా వేసుకునే చిన్న బ్యాగు. లెన్సు తగిలించిన కెమెరా, పక్కన రెండో లెన్సు, ముందు జేబులో అదనపు బ్యాటరీ, మెమరీ కార్డు, తుడుచుకునే గుడ్డ. అంతే, అరటిపండు పెట్టడానికి కూడా చోటు లేదు. ఇంట్లో వాళ్ళు రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నారు. లోపల బూడిదరంగు బట్ట ఉన్నది ఎంచుకున్నాను. నల్లటి బ్యాగులో నల్లటి లెన్సు మూత పడితే వెతుక్కోవడం తాటాకు పందిట్లో సూది వెతికినట్టే.

ఇది స్వార్థం అనుకునేవాళ్ళుంటారు. ఇంట్లో అందరి సామానూ మోస్తూ నీ వస్తువుకి మాత్రం విడిగా గది కట్టుకున్నావా అని ఒక బంధువు నవ్వుతూనే అన్నారు. అవును, కట్టుకున్నాను. అది వంటింటి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది కాబట్టే కిందటి వేసవిలో అత్తయ్యగారు మేడ మీద వడియాలు పెడుతుంటే ఫోటో తీయగలిగాను. ఆవిడకి ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కరు. ఆ రోజు ఎవరి మాటా వినకుండా ఎక్కారు. తడి బట్ట మీద వరసగా పడుతున్న వడియాలు, పిండి అంటిన ఆ వేళ్ళు, ఎండకి చిట్లించిన కళ్ళు. కెమెరా అలమరలో పెద్ద బ్యాగులో దుప్పట్ల వెనక ఉండుంటే నేను దాన్ని తీసుకొచ్చేసరికి ఆవిడ చెయ్యి కడుక్కుని దిగిపోయేవారు. మళ్ళీ ఎక్కలేదు కూడా. ఫోన్ ఉంది కదా అంటారేమో, ఉంది, కానీ దూరం నుంచి ఆవిడకి తెలియకుండా తీయడానికి జూమ్ లెన్సే కావాలి. దగ్గరికెళ్తే వెంటనే పమిట సర్దుకుని బిగుసుకుపోతారు.

అలాగని అందరూ నాలాంటి బ్యాగే కొనాలని నేననను. ఒకే భుజం మీద బరువు పడటం మెడనొప్పి ఉన్నవాళ్ళకి పనికిరాదు, వాళ్ళకి రెండు పట్టీల బ్యాగే మేలు. అదీ ఛాతీకి ఇరుకవ్వనిది, ఆడవాళ్ళ భుజాలకి తగ్గట్టు పట్టీలు దగ్గరగా ఉన్నది వేసుకుని చూసి కొనాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది, 32 కిలోమీటర్ల నడక. దారిలో ఫోటోలు తీద్దామని మా స్నేహితురాలు సలహా అడిగితే, ఒక కెమెరా, ఒక్క లెన్సు, మూతపైకి తెరుచుకునే చిన్న తొడుగులాంటి బ్యాగు చాలన్నాను. అన్ని గంటల నడకలో రెండో లెన్సు మోసిన ప్రతి గ్రామూ తెల్లవారేసరికి తెలుస్తుంది.

తిరుమల వెళ్ళేవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి. గుళ్ళోకి కెమెరాలు, సెల్‌ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, ఎక్కడో అక్కడ అప్పజెప్పాల్సిందే. జిప్పుల రెండు కొసలూ కలిపి చిన్న తాళం వేసుకునే వీలుంటే మనసు దర్శనం మీదుంటుంది. విమానంలో అయితే అదనపు బ్యాటరీలు చెకిన్ సామానులో వేయకూడదు, మన చేతి బ్యాగులోనే ఉండాలి. మన దేశంలో తిరిగే విమానాల్లో ఆ చేతి సామాను సాధారణంగా 7 కిలోలకి మించనివ్వరు. బ్యాగే రెండు కిలోలైతే మిగిలేది ఎంతో లెక్కేసుకోండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. బ్యాగు ప్రయాణానికే గానీ దాచుకోవడానికి కాదు. లోపలి మెత్త చెమ్మ పీల్చి పట్టి ఉంచుతుంది, చీకటీ గాలాడకపోవడమూ దానికి తోడు. వానాకాలమంతా అలా మూసి ఉంచితే లెన్సు అద్దం మీద సాలెగూడు కాళ్ళలాగా బూజు పాకుతుంది. మొదట్లోనే చూస్తే బాగుచేయించుకోవచ్చు. ముదిరితే అద్దం పైపూతనే తినేస్తుంది. తోలు బ్యాగులైతే మరీ ప్రమాదం, తోలుకే బూజు పడుతుంది. నేను మేకుకి తగిలించేది వాడకంలో ఉన్న రోజుల్లోనే. ముసురు పట్టిందంటే కెమెరా, లెన్సులు బయటికి తీసి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెడతాను. పప్పులు పోసుకునే డబ్బాయే, మూతకి రబ్బరు బిగువుగా ఉంటే చాలు. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి లోపల పడేస్తే, అది 40కీ 50కీ మధ్య ఉండేలా చూసుకోవచ్చు. ఖాళీ బ్యాగుని బట్టల్లాగే అప్పుడప్పుడూ ఎండలో వేయాలి.

బ్యాగు మేలు చేసే చోటు కూడా చెప్పాలి. ఏసీ గదిలోంచి మన ఉక్కపోతలోకి కెమెరా ఒక్కసారిగా తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. బ్యాగులో జిప్పు వేసే ఉంచి, బయటికొచ్చాక ఒక అరగంట ఆగి తీస్తే ఆ బాధ తప్పుతుంది.

ఇక షాపుకి వెళ్తే, మీ కెమెరా, లెన్సులు పట్టుకునే వెళ్ళండి. జాకెట్టు కొలత ఇవ్వకుండా కుట్టించుకుంటామా? లెన్సు తగిలించే బ్యాగులో పెట్టి చూడండి. భుజానికి వేసుకుని ఒంటిచేత్తో తెరవండి. రెండో చేతిలో పిల్లాడో కూరల సంచో ఉందనుకోండి. రాకపోతే అది మీది కాదు. పట్టీ బ్యాగుకి కలిసే చోట కుట్టు అడ్డదిడ్డంగా రెండు మూడుసార్లు పడిందో లేదో చూడండి, తెగితే అక్కడే తెగుతుంది. అడుగున మందపాటి బట్ట ఉందా? ఎందుకంటే రైల్లో, గుడి మెట్ల మీద, బస్టాండులో కింద పెట్టక తప్పదు. వాన తొడుగు విడిగా ఉంటే మంచిదే, లేకపోతే ఒక పెద్ద పాలిథిన్ కవరు మడిచి జేబులో పెట్టుకుంటే పనవుతుంది. భీమిలి బీచ్‌లో మాత్రం ఏ బ్యాగునీ ఇసుక మీద పెట్టకండి. జిప్పు పళ్ళలో ఇసుక దూరితే ఎంత మంచి జిప్పైనా మొరాయిస్తుంది.

డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారుంది. లోపల పెట్టుకునే మెత్తటి అరల గూడు ఒక్కటే విడిగా అమ్ముతారు. దాన్ని మీకు నచ్చిన గుడ్డ సంచిలో దించేసుకోవచ్చు. బయటి నుంచి చూస్తే కెమెరా ఉన్నట్టే తెలియదు, దొంగల కళ్ళూ పడవు. మా వీధి టైలరు చేత మందపాటి కాన్వాసుతో నేనొకటి కుట్టించాను. గూడు పట్టేంత వెడల్పే ఇచ్చాను, అంతకు మించి అంగుళం కూడా వద్దన్నాను. "ఇంత ఇరుగ్గానా అమ్మా, తర్వాత ఇబ్బంది పడతారేమో" అని రెండుసార్లు అడిగాడు.

మా వారికి ఇప్పటికీ ఒక ప్రశ్న మిగిలే ఉంది, రేపు పెద్ద లెన్సు కావలసి వస్తే? వస్తుంది. డిసెంబరులో నేలపట్టు వెళ్ళి గూడబాతుల్ని, పక్కనే పులికాట్‌లో రాజహంసల్ని చూడాలని అనుకుంటున్నాం. పక్షుల కోసం వాడే 150-600 లెన్సు ఒక్కటే రెండు కిలోల దాకా ఉంటుంది, నా చిన్న బ్యాగులో అది తల కూడా దూర్చదు. ఏడాదికి ఒక్కసారి పనికి ఏడాదంతా మోయడం ఎందుకని రెండు రోజులకి లెన్సు అద్దెకి అడిగాను. దానికి సరిపడే బ్యాక్‌ప్యాక్ కూడా ఇస్తామన్నారు. అది మాత్రం మా వారే మోస్తారట. నీళ్ళ సీసాలు ఎవరివి వాళ్ళే పట్టుకోవాలని ఇప్పుడే చెప్పి ఉంచాను.